కాలువకు ఎగువన ఒక రాత్రి



మిర్యాలగూడ చుట్టుపక్కల నీళ్ల సంగతి అడిగితే ఎవరూ ఆకాశం వైపు చూడరు. నాగార్జునసాగర్ మట్టం చెప్తారు. నిండితే 590 అడుగులు. ఇవాళ ఎంత ఉంది, శ్రీశైలం నుంచి ఎంత వస్తోంది, ఎడమ కాలువకు ఎప్పుడు వదులుతారు, ఇదే మా ఊరి వాతావరణ వార్త. కొడుకు ఏ తరగతి చదువుతున్నాడో చెప్పడానికి తడుముకునే మనిషి కూడా పొద్దుటి సాగర్ మట్టం అడుగుల్లో చెప్పేస్తాడు. తప్పు పట్టడానికేం లేదు. నిడమనూరు, త్రిపురారం, వేములపల్లి, అటు హుజూర్‌నగర్, కోదాడ దాకా వరి కోతకొచ్చిందన్నా, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఆడుతున్నాయన్నా ఆ నీళ్ల చలవే.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు ఆ ఆనకట్టకు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. మనం ఎడమ కాలువ అనే పిలుస్తాం. ఆ నీళ్లు మనకు తూములుగా తెలుసు, మేజర్లుగా తెలుసు, వంతులుగా తెలుసు. చివరి భూములకు అందక జరిగిన తగాదాలుగా కూడా తెలుసు. గేట్లు ఎత్తిన ఆదివారం పిల్లాజెల్లాతో పోయి, తుంపర్లలో తడిసి, ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని సాయంత్రానికి ఇల్లు చేరతాం. ఆ గోడకు వెనకాల ఏముందో చూసినవాళ్లు మాత్రం మనలో తక్కువ.

ఇవాళ ఆ వెనకాల సంగతే చెప్తాను. భుజాన ఒక సంచి, చేతిలో ఒక కర్ర, నడవడానికి ఒక పగలు, నీటి ఒడ్డున పడుకోవడానికి ఒక రాత్రి. ఇంతే దీనికి కావలసింది.

కొండల్లో నడిచి సరస్సు ఒడ్డున గుడారం వేసుకోవడం అనగానే మన కుర్రాళ్లకు కశ్మీరు గుర్తొస్తుంది, హిమాచల్ గుర్తొస్తుంది. వెళ్లనివ్వండి, మంచిదే. స్పితి లోయలో చంద్రతాల్ సరస్సు ఉంది, నాలుగు వేల మీటర్లకు పైన. అక్కడ ఇప్పుడు ఒడ్డున గుడారం వెయ్యనివ్వరు. జనం తాకిడి ఎక్కువై, గుడారాలను సరస్సుకు దూరంగా జరిపేశారు. ఉత్తరాఖండ్‌లో అయితే 2018లో హైకోర్టే కల్పించుకుని, ఎత్తయిన కొండల మీది పచ్చిక మైదానాల్లో రాత్రి బస కూడదని చెప్పింది. అంత దూరం పోయి, అంత ఖర్చు పెట్టి, అక్కడ వద్దన్న పని చేయాలని చూసేకంటే, ఇంటి దగ్గరి కొండల్లో ఒక రాత్రి ఎలా ఉండాలో ముందు నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం.

మన దగ్గరి కొండలంటే నల్లమల. నిండినప్పుడు సాగర్ జలాశయం సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. ఆనకట్ట దగ్గర నిలబడితే అందులో కాస్తంతే కనిపిస్తుంది. మిగతాదంతా కొండల మధ్య మలుపులు తిరుగుతూ, వాగుల్లోకి చేతులు చాపుతూ, పైకి పైకి పోతుంది. ఆ చేతుల్లో ఒకదాని పక్కన, నేరేడుగొమ్ము మండలంలో, వైజాగ్ కాలనీ అని ఒక చిన్న ఊరుంది. నల్లగొండ జిల్లాలో వైజాగ్ ఏమిటని ఆశ్చర్యపోకండి. ఆనకట్ట కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలు నీళ్లు నిండాక వల పట్టుకుని అక్కడే ఆగిపోయాయని ఊళ్లో చెప్తారు. సముద్రం ఒడ్డు వాళ్లు కొండల మధ్య మంచినీటి ఒడ్డు వాళ్లయ్యారు. ఇప్పటికీ పెద్దవాళ్ల మాటలో ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది, మనవళ్లు మాత్రం దేవరకొండ తెలుగే మాట్లాడతారు.

మిర్యాలగూడ నుంచి వెళ్లేవాళ్లకు దారి తేలికే. నిడమనూరు, హాలియా దాటి, కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ. అక్కడి నుంచి నేరేడుగొమ్ము. సొంత బండి ఉంటే తిన్నగా ఒడ్డు దాకా పోవచ్చు. కానీ నడవాలనే వచ్చాం కనుక కొంచెం ముందే దిగమంటాను. సమయం ఉంటే దారిలో దేవరకొండ దుర్గం ఎక్కండి. రేచర్ల వెలమల కోట, చుట్టూ కొండల మధ్య గుట్టల్ని కలుపుతూ కట్టిన గోడలు. కాళ్లు ఎంత దూరం మోస్తాయో అక్కడే తెలిసిపోతుంది. దుర్గం సగంలో ఆయాసం వస్తే, నల్లమల నడక ఇంకో నెల వాయిదా వేసుకుని రోజూ పొద్దున నడవండి.

నడిచేవాడికి మాత్రమే తెలిసే సంగతి ఒకటుంది. మన పాత నల్లగొండ జిల్లా గుట్టలు గుండ్రంగా ఉంటాయి. భువనగిరి చూడండి, ఒకే రాయి బోర్లించినట్టు. అది గ్రానైటు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ 2014 మే నెలలో ఎవరెస్టు ఎక్కడానికి ముందు రాతి మీద చెయ్యి పట్టు నేర్చుకున్నది ఆ భువనగిరి మీదే. దేవరకొండ దాకా అదే తీరు. నేరేడుగొమ్ము దాటి నీటి వైపు దిగేసరికి కొండల రూపం మారిపోతుంది. తలలు చదునుగా ఉంటాయి. పక్కల్లో పొరలు పొరలుగా రాయి కనిపిస్తుంది. అడుగున పాత గ్రానైటు, దాని మీద కోట్ల ఏళ్ల కిందటి ఇసుక గట్టిపడి ఏర్పడ్డ రాతి పొర. నిలువుగా విరిగిన ఆ పొర అంచులే మనకు గోడల్లా కనబడే కొండ కొమ్ములు. పైకి ఎక్కితే బల్లపరుపు నేల. మోదుగ, తునికి, ఇప్ప, ఏగిస, నల్లమద్ది, సందుల్లో వెదురు. ఈ చదును నేలలను ఆ ఊళ్ల వాళ్లు గట్టు అంటారు. పెద్దగట్టు అనే ఊరి పేరు అలా వచ్చిందే.

ఆ పెద్దగట్టు పేరు మీరు వార్తల్లో విని ఉంటారు. సరిగ్గా ఆ రెండు రాళ్లూ కలిసే చోట యురేనియం ఉందని తేలింది. లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో గని తవ్వాలన్న ప్రతిపాదన మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జలాశయానికి ఇంత దగ్గరలో వద్దని జనం గట్టిగా నిలబడ్డారు. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం కూడా చేసింది. కాళ్ల కింద ఉన్న రాయి కథ ఇది. నడుస్తూ వింటే ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు షరతు. ఈ కొండల్లో చాలా భాగం అభయారణ్యం. నాగార్జునసాగర్, శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి తెచ్చారు. రాష్ట్రాలు వేరయ్యాక మన వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడమే నేరం, నిప్పు పెట్టడం మరీ పెద్ద నేరం. కాబట్టి ఊరి హద్దుల్లో, ఒడ్డు వెంబడి నడుస్తారా, ఊరి పెద్దకు చెప్పి, ఊరి కుర్రాణ్ణి తోడు తీసుకుని నడవండి. అడవిలోకి పోవాలనుకుంటారా, అటవీశాఖ రేంజి ఆఫీసులో అడిగి, వాళ్లు ఎంతవరకు అంటే అంతవరకే. మనం ఏం చేస్తాంలే అనుకునేవాళ్లు అక్కడ చెంచు గూడేలున్నాయని, లంబాడా తండాలున్నాయని, వాళ్లకే అడవిలో అడుగడుగునా సవాలక్ష ఆంక్షలున్నాయని గుర్తు పెట్టుకోవాలి. అక్కడే పుట్టినవాడికి లేని స్వేచ్ఛ ఒక రాత్రి ఉండి పోయేవాడికి ఎక్కడినుంచి వస్తుంది?

తోడు కుర్రాడు దారి కోసం ఒక్కటే కాదు. ఎక్కడ ఒండ్రులో కాలు దిగబడుతుందో అతనికి తెలుసు. ఏ మలుపులో మొసలి ఎండ కాచుకుంటుందో తెలుసు. అవును, ఈ నీళ్లలో మొసళ్లున్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. సందె వేళ, తెల్లవారుజామున మోకాలి లోతు నీళ్లలో గిన్నెలు కడుక్కోవడం, ఈత కొట్టడం మానుకోమని చెప్తున్నాను. పడవ ఎక్కితే ప్రాణరక్షక కోటు తొడిగిన తర్వాతే కదలనివ్వండి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగిన రోజు మనమంతా టీవీ ముందు కూర్చుని ఏడ్చాం. అక్కడ ఏడ్చిన మనమే ఇక్కడ పడవ వాడు కోటు ఇస్తే ఉక్కపోస్తుందని పక్కన పడేస్తాం. ఇంత విశాలమైన నీటి మీద మధ్యాహ్నం గాలి లేచిందంటే అలలు చిన్నవేం కావు.

గుడారం ఎక్కడ వెయ్యాలన్నది కూడా లెక్కలో ఉంది. కాలువ కింది రైతులకు ఈ లెక్క నేను చెప్పాలా! లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే ఎనిమిదిన్నర టీఎంసీలకు పైగా నీళ్లు చేరతాయి. నిండుకు దగ్గరగా ఉన్నప్పుడు సాగర్‌లో ఒక అడుగు పెరగాలంటే మూడు టీఎంసీలు కావాలి. అంటే లక్ష క్యూసెక్కులు వస్తూ, కిందికి ఏమీ వదలకపోతే ఒక రోజులో దాదాపు మూడు అడుగులు మట్టం పెరుగుతుంది. నిలువు గోడ మీద మూడు అడుగులంటే ఏమీ కాదు. ఏటవాలు ఒడ్డు మీద మూడు అడుగులంటే నీరు ఎన్నో గజాలు లోపలికి వచ్చేస్తుంది. ఆగస్టులో, సెప్టెంబరులో రాత్రి నీటి అంచున పడుకున్నవాడు తెల్లవారేసరికి చెప్పులు వెతుక్కోవాలి. అందుకే నేను వరద రోజుల్లో వద్దంటాను.

చలికాలం వేరు. వానాకాలం పంట ఇంటికొచ్చి, యాసంగికి నీళ్లు వదులుతున్నప్పుడు మట్టం మెల్లగా దిగుతూ ఉంటుంది. నీళ్లు మీదికి రావు. కానీ దిగిన చోట కొత్త బురద బయటపడుతుంది. పైన పొర ఎండినట్టే కనిపిస్తుంది, లోపల మెత్తగా ఉంటుంది. పాత నీటి గుర్తు రాళ్ల మీద తెల్లటి గీతలా కనబడుతుంది కదా, దానికి పైన, గట్టి నేల మీద, చెట్టు కింద కాకుండా కాస్త ఎడంగా వేసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాకు మంచి కాలం. మార్చి దాటితే అడవి ఎండి నిప్పు కోసం కాచుకుని ఉన్నట్టుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల గురించి చెప్పేదేముంది, మిర్యాలగూడలో ఉన్నవాళ్లు అదనంగా ఎండను వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

సామాను గురించి కుర్రాళ్లు గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఫలానా కంపెనీ టెంటు, ఫలానా దేశపు స్లీపింగ్ బ్యాగ్. హిమాలయాలకు పోయినప్పుడు అవన్నీ కావాలి. మన చలికి ఒక మామూలు టెంటు, కింద పరచడానికి ఒక టార్పాలిన్ ముక్క, ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంత చాలు. టార్చి రెండు, మంచినీళ్లు మనిషికి నాలుగు లీటర్లు, చిన్న గ్యాసు పొయ్యి, అటుకులు, జొన్నరొట్టెలు. చెప్పులు కాదు, బూట్లు. తెల్లారి బూట్లు తొడిగే ముందు బోర్లించి కొట్టండి, తేళ్లకు ఆ వెచ్చదనం ఇష్టం. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో బయల్దేరే ముందే అడిగి పెట్టుకోండి. ఫోను అందని చోట్లున్నాయి కాబట్టి ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో ఒక కాగితం మీద రాసి పోవడం మంచిది. ఈ చివరి మాట మా తరం వాళ్లకు నవ్వొస్తుంది, పూర్వం ఎవరు రాశారని. పూర్వం ఊరంతటికీ తెలిసేది, ఎవడు ఎటు పోయాడో.

సరే, చేరారు, గుడారం నిలబెట్టారు, పొద్దు వాలింది. ఆ కొండల మధ్య చీకటి తొందరగా పడుతుంది. నీటికాకులు వరసగా కొండ కిందికి పోతాయి. పుట్టి మీద ఒకడు వల విడుస్తూ ఉంటాడు, తెడ్డు చప్పుడు ఇంత దూరం వినిపిస్తుంది. తీతువు పిట్ట ఒకసారి అరిచి ఊరుకోదు. మన ఊళ్లో అది అరిస్తే కీడంటారు. ఒడ్డున దానికి గూడు నేల మీదే ఉంటుంది, మనం దగ్గరికొచ్చామని అరుస్తోంది, అంతే. కాస్త ఎడంగా జరిగి చూడండి, సద్దుమణుగుతుంది.

రాత్రి తొమ్మిదింటికి తల ఎత్తి చూస్తే, డిసెంబరులో అయితే, నడినెత్తిన పిల్లలకోడి. తూర్పు నుంచి గొల్లకావడి ఎక్కి వస్తూ ఉంటుంది. ఈ రెండు పేర్లూ మా నాయన పొలం గట్టు మీద చూపించినవే. ఇప్పుడు మిర్యాలగూడ నడిబొడ్డున మేడ ఎక్కి చూస్తే పిల్లలకోడి పిల్లల్ని లెక్కపెట్టలేం. మిల్లుల దీపాలు, రోడ్డు దీపాలు, ఆకాశమే ఎర్రగా ఉంటుంది. మీ పిల్లలకు నక్షత్రాలు చూపించాలంటే ఇప్పుడు బండి మీద తీసుకుపోవాల్సిన రోజులొచ్చాయి.

ఆ చీకట్లో, మీ ముందున్న నీళ్ల కింద ఏముందో కూడా తలచుకోండి. మనకు కనబడే ఈ నిశ్శబ్దం ఊరికే రాలేదు. ఇదే ఎడమ గట్టున ఏలేశ్వరం అనే ఊరుండేది. నీళ్లు కమ్ముకునే లోపల పురావస్తు శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ గారు అక్కడ తవ్వించారు. రాక్షసగుళ్లు అని మనం పిలిచే పెద్ద రాళ్ల సమాధుల నుంచి ఇక్ష్వాకుల కాలం దాకా, ఆ తర్వాతి గుళ్ల దాకా, ఒక దాని మీద ఒకటిగా ఊళ్లు బయటపడ్డాయి. 1963లో ఆయన పుస్తకం అచ్చయ్యేనాటికే అక్కడి జనానికి ఆ ఊరితో ఋణం తీరిపోతోంది. ఇప్పుడు మిగిలింది ఏలేశ్వరం గట్టు, దాని మీద మల్లన్న గుడి. చుట్టూ నీళ్లు, పడవ మీద పోవాల్సిందే.

అవతలి గట్టున నాగార్జునకొండ లోయ. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క కృష్ణ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే. ఆ వంశపు రాజు శాంతమూలుడి తోబుట్టువు శాంతిసిరి అక్కడి మహాస్తూపానికి దాత. అదీ 1926 తర్వాతే లోకానికి తెలిసింది. లాంగ్‌హర్‌స్ట్ తవ్వాడు, రామచంద్రన్ తవ్వాడు, చివరికి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి నాయకత్వంలో, నీళ్లు తరుముకొస్తుంటే, లోయంతా తవ్వి తీశారు. కొన్ని కట్టడాలను రాయి రాయి ఎత్తి కొండ మీద మళ్లీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం, అందులో 1966 నుంచి మ్యూజియం. బుద్ధుడి శిల్పాలకు ఇల్లు దొరికింది. మునిగిన ఊళ్ల సామాన్యుల ముంగిళ్లకు మ్యూజియం లేదు.

ఆ ఒడ్డున ఒకసారి చేపలు వేయించే ఒక పెద్దావిడ నన్ను అడిగింది, ఎక్కణ్ణుంచొచ్చారు బాబూ అని. మిర్యాలగూడ అన్నాను. ఓహో, కాలువ కిందోళ్లా అంది. అని, మళ్లీ నూనెలో ముక్క తిప్పింది. అందులో ఎత్తిపొడుపు లేదు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో చెప్తాను.

నీళ్లు పల్లానికి పోతాయి. ఆనకట్టకు దిగువన ఉన్నాం కాబట్టి మనకు తూము తెరిస్తే పొలం తడుస్తుంది. నేరేడుగొమ్ము, చందంపేట, దేవరకొండ వైపు ఊళ్లు నీటికి ఎగువన ఉన్నాయి. వాళ్ల గుమ్మంలో నిలబడితే కృష్ణ కనిపిస్తుంది, చేలో మాత్రం పత్తి వాన కోసం చూస్తుంటుంది. భూమి ఇచ్చింది వాళ్లు, మునిగింది వాళ్ల ఊళ్లు, పంట మనది. నల్లగొండ పైప్రాంతాలు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగి ఎన్నేళ్లు బాధపడ్డాయో మనకు తెలుసు. తర్వాత తర్వాత పుట్టంగండి దగ్గర పంపులు పెట్టి నీళ్లు పైకెత్తి, అక్కంపల్లి రిజర్వాయరు మీదుగా కొంత ఆయకట్టుకు, హైదరాబాదు తాగునీటికి ఇచ్చారు. పుట్టంగండి ఎక్కడో లేదు, ఇదే జలాశయం ఒడ్డున ఉంది. మీరు ఒడ్డున కూర్చుని సబ్బుతో గిన్నెలు తోమితే ఆ నీళ్లు పోయేది హైదరాబాదులో మీ అమ్మాయి కాపురం ఉంటున్న ఇంటి కుళాయికే.

కాబట్టి అక్కడికి పోయేవాడు ఖాళీ జాగాకు పోతున్నానని అనుకోకూడదు. ఈ మధ్య శని, ఆదివారాల్లో వచ్చే కొన్ని గుంపుల్ని చూశాను. పెద్ద సౌండు బాక్సులు, కేసులు కేసులు సీసాలు, తెల్లారేదాకా పాటలు. పొద్దున వలకు పోయే మనిషికి నిద్ర లేదు. సీసా పెంకు వల లాగే కాలికి గుచ్చుకుంటుంది. మంట వేసి అలాగే వదిలేసి పోయారు, గాలికి నిప్పురవ్వ గడ్డిలో పడితే అడవికి ఏం జరుగుతుందో వాళ్లకు పట్టదు. అలాంటి వాళ్లను చూసి ఊరి వాళ్లు ఏమీ అనరు, ఎందుకంటే చేపలు కొంటారు, పడవ ఎక్కుతారు. పేదవాడు ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకోకూడదు. పాట వినాలంటే ఇంట్లో వినండి, కరెంటు కూడా నిలకడగా ఉంటుంది.

మంట కావాలంటే ఊరి వాళ్లు చూపించిన చోట, బయలు నేల మీద, చిన్నగా వేసి, పడుకునే ముందు నీళ్లు పోసి చేత్తో తడిమి చల్లబడిందని చూడండి. మల విసర్జనకు నీటికి రెండు వందల అడుగులైనా దూరం పోయి గొయ్యి తీసి పూడ్చండి. మన పాతవాళ్లు చెరువు గట్టుకు ఆ మాత్రం మర్యాద ఇచ్చేవాళ్లు. ఆడపిల్లలతో పోయే కుటుంబాలు కాలనీకి దగ్గరలోనే బస చేయడం మంచిది. ఊరి వాళ్ల కళ్ల ముందు ఉంటే భయం లేదు, వాళ్లకూ నాలుగు డబ్బులు.

తెల్లవారి లేస్తే ఇంకో నడక ఉంది. పొగమంచు నీళ్ల మీద ఉండగానే, కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, అనుమతి ఉన్నంత మేర ఒడ్డు వెంట పోతే కొండ కొమ్ము మలుపు దగ్గర జలాశయం ఒక్కసారిగా విప్పారుతుంది. అవతల కనిపించేది ఆంధ్రప్రదేశ్. ఎవరి వాటా ఎంత అని రెండు రాష్ట్రాల ఇంజనీర్లు ఏటా కూర్చుని తేల్చుకునే నీళ్లు ఇవే. 2023 నవంబరులో ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డది కూడా వీటి కోసమే. ఆ మలుపు దగ్గర అరగంట కూర్చున్నాక టీఎంసీ అన్న మాట నాకు పేపర్లో అంకెలా కనిపించడం మానేసింది. ఎంత కొండ, ఎంత లోయ మునిగితే ఒక టీఎంసీ అవుతుందో కంటికి ఆనింది. కాలువ గట్టు మీద వంతు కోసం కొట్లాడే మన కుర్రాళ్లను ముందు అక్కడ కూర్చోబెట్టాలనిపిస్తుంది.

నీటి సంఘాల పెద్దలకు, హైస్కూలు మాస్టార్లకు ఒక మాట. ప్రతి ఏడూ పిల్లల్ని బస్సులో ఎక్కించి ఆనకట్ట, బుద్ధవనం, ఎత్తిపోతల చూపించి సాయంత్రానికి తెచ్చేస్తున్నారు. మంచిదే. పెద్ద తరగతుల వాళ్లనైనా, అటవీశాఖను అడిగి, తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకుని, ఒక రాత్రి ఎగువన ఉంచండి. వాళ్లు తినే అన్నంలో నీళ్లు ఎవరి ఊరి మీదుగా వచ్చాయో ఆ కాలనీ పెద్దమనిషి నోట విననివ్వండి. పాఠం మీరు చెప్పనక్కర్లేదు.

మిగతా వాళ్లకు నేను అడిగేది చిన్నదే. ఈ చలికాలం ఒక శనివారం పొద్దున్నే దేవరకొండ బస్సు ఎక్కండి. అనుమతి అడిగి నడవండి. చేపలు ఆ కాలనీలోనే కొనండి, బేరం ఆడకండి. దారి చూపిన కుర్రాడికి అతను అడక్కముందే కూలి ఇవ్వండి. తీసుకుపోయిన ప్లాస్టిక్ అంతా మూట కట్టుకుని మిర్యాలగూడ దాకా మోసుకురండి, ఇక్కడ దాన్ని ఎత్తడానికి మున్సిపాలిటీ బండి ఉంది, అక్కడ లేదు.